పటిక గారికి అభయపత్రం

మహారాజశ్రీ పటిక గారి సముఖమునకు,

ఫ్యాక్టరీల మురుగునీటిని తేర్చే తమ కొలువుకు మునగగింజ ఎసరు పెడుతున్నదని విని తమరు కలత చెందుతున్నట్లు తెలిసింది. ఆ కలత అనవసరమని మనవి చేసుకోవడానికే ఈ లేఖ.

పోటీదారుకు యోగ్యత లేదని అనలేను. ఎండిన గింజ పొడిలోని ధనావేశపు ప్రోటీన్లు, ఋణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలియాడే రేణువులను, అద్దకపు పరిశ్రమల రంగులను సైతం చేరదీసి అడుగుకు దించుతాయి. తమరూ అల్యూమినియంతో ఆ పనే చేస్తారు గాని, నీటి క్షారతను ఆరగించి, వెనుకే సున్నం వేయించుకొని, లోహం కలిసిన మడ్డిని గుట్టగా వదిలి వెళతారు. సూడాన్ పల్లెల్లో స్త్రీలు బురద నైలు నీటిని మునగగింజతోనే తేర్చుకున్నారు. కుండ లోపల చిల్లగింజ అరగదీసిన మన పెద్దలకూ ఇది కొత్త విద్య కాదు.

అయితే గింజలో మూడో వంతు దాకా నూనె ఉంటుంది. నూనె తీయకుండా, ప్రోటీన్‌ను వేరు చేయకుండా పొడిని పొడిగానే పోస్తే అది తన సేంద్రియ పదార్థాన్ని నీటిలో వదిలి సీఓడీని, అంటే నీటిలోని మలినాన్ని తెలిపే కొలతను, పెంచుతుంది. ఇల్లు ఊడ్వడానికి వచ్చి వేరుశనగ తొక్కలు రాల్చిపోయే పనిమనిషి తీరన్నమాట. నూనె పిండేసి, మిగిలిన పిండిని ఉప్పునీటిలో నానబెట్టి వడగడితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. బ్రెజిల్‌లో తుమ్మజాతి చెట్టు బెరడులోని టానిన్ అనే వగరు పదార్థంతో చేసిన, నీటిని తేర్చే మందును ఏకంగా వ్యాపార సరుకుగానే అమ్ముతున్నారు. బ్రెజిల్ దూరం కనుక తమరు నిశ్చింతగా ఉండవచ్చు. ఇక్కడ గింజ ప్రతాపం ప్రయోగశాల బీకరులో మొదలై పరిశోధన పత్రంలో ముగుస్తుంది. చిల్లకాయ నీటిని తేర్చేదే అయినా దాని పేరు తలచినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి ఆరో అధ్యాయంలోనే ఉంది. మన సదస్సులు ఇంకా ఆ అధ్యాయం దాకా వచ్చినట్లు లేవు.

తమకు ఇంకొక ధైర్యం కూడా చెబుతాను. పటాన్‌చెరు వద్ద మందుల పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం దాటి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. తేలియాడే మలినాన్ని కూర్చోబెట్టగలరు గాని, అలా కరిగిపోయిన మందులను, లవణాలను ఏరివేయడం తమ వల్లా కాదు, గింజ వల్లా కాదు. కానీ సీసాను వెలుతురుకెత్తి, తేటగా ఉందని తలూపి సంతకం చేసే అధికారి ఉన్నచోట, కరిగినదాని గురించి తమ ఇద్దరినీ నిలదీసే వారెవరు?

అసలు తమ కొలువుకు కొండంత అండ యజమాని పొదుపే. తనిఖీ జీపు గేటు దాటితే గాని శుద్ధి కేంద్రం మోటార్లు తిరగని ఫ్యాక్టరీలలో తమ బస్తాలే మూతి విప్పకుండా గోదాములో గడ్డకడుతున్నాయి. ఇక తమ స్థానంలోకి గింజ వస్తే మాత్రం దానికి అక్కడ చేయడానికి పనేముంది?

చివరగా ఒక చిన్న విన్నపం. తనిఖీ లేని ఏ మామూలు రాత్రయినా తమరిని నిజంగా తొట్టిలో వేసినట్లయితే, ఆ ఫ్యాక్టరీ పేరు, ఆ తేదీ దయచేసి తెలియజేయగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
కాలువ దిగువన కాపురమున్న తమ విధేయుడు