మహారాజశ్రీ ఫుట్‌పాత్‌గారికి

విజయవాడ,
రోహిణి కార్తె.

మహారాజశ్రీ మా పేట ఫుట్‌పాత్‌గారి సముఖమునకు, రోజూ పొద్దున్నే మీ మీద నడుస్తూ, మీ మీంచి దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ ఉండే ఒక పాదచారి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, కుడి మోకాలు తప్ప. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, ఉన్నంత మేర.

ఇది ఫిర్యాదు అనుకుని చింపెయ్యకండి. ఫిర్యాదులు రాసే పెద్దలు ఈ ఊళ్ళో వేరే ఉన్నారు, వాళ్ళ చేతిరాత కూడా బాగుంటుంది. నాది కృతజ్ఞత.

ఆరు నెలల కిందట మా డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, "రోజూ నలభై నిమిషాలు నడవండి" అన్నారు. సరేనని మొదలుపెట్టాను. అప్పుడు నేను 78 కిలోలు. మూడు నెలలు నడిచాక చూసుకుంటే 78 కిలోలే. ఎక్కడో మోసం జరిగిందని అనుమానం వచ్చి, అసలు నడకకి అయ్యే ఖర్చెంతో చదవడం మొదలుపెట్టాను. తప్పు నాది కాదు, పునుగులదీ కాదు. మనిషి నడక పుట్టుకతోనే పిసినారిది.

గోడగడియారం లోలకాన్ని తలకిందులుగా ఊహించుకోండి. నేలకి ఆనిన కాలు కర్రలా నిటారుగా ఉంటే, ఒళ్ళు దాని మీదుగా చిన్న వంపు తిరిగి అవతలికి దిగుతుంది. పైకి లేచేటప్పుడు వేగం కాస్త తగ్గి ఎత్తుగా మారుతుంది, దిగేటప్పుడు ఆ ఎత్తు మళ్ళీ వేగమవుతుంది. ఇటలీకి చెందిన కవాన్యా, ఆయన తోటివాళ్ళు 1960లు, 70లలో దీన్ని కొలిచి లెక్కగట్టారు. హాయిగా నడిచే వేగంలో అడుగుకి కావలసిన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా ఈ జేబులోంచి ఆ జేబులోకి మారేదే. కండరాలు చేతి నుంచి పెట్టుకోవలసింది మిగతాదే.

దాంతో ఏమైందంటే, కిలోమీటరు నడిస్తే నాలాంటివాడికి 60 కిలోకేలరీలు, అటూ ఇటూ. అందులో ఓ 15 నేను కుర్చీలో కూర్చుని పేపరు చదివినా అయ్యేవే. నికరంగా నడకకి పడేది 45. ఇప్పుడు నూనె సంగతి చూడండి. పెద్ద చెంచాడంటే 14 గ్రాములు, గ్రాముకి 9 చొప్పున 126 కిలోకేలరీలు. సాయంత్రం నా పునుగులు పీల్చుకున్న నూనెలో ఒక్క చెంచా బాకీ తీరడానికే దాదాపు మూడు కిలోమీటర్లు నడవాలి. ఒక్క చెంచాతో ఆగే పునుగులు బెజవాడలో ఎవరూ వెయ్యరని మీకు తెలుసు. ఆ బండి ఉండేది మీ మీదే కదా.

ఈ పొదుపు మన జాతికి తాతల నాటి ఆస్తి. 2007లో సోకోల్, రైక్లెన్, పాంట్జర్ అనేవాళ్ళు చింపాంజీలకి ముసుగులు తొడిగి, ట్రెడ్‌మిల్ ఎక్కించి, అవి పీల్చే ఆక్సిజన్ కొలిచారు. మనిషి నడక వాటి నడక కన్నా 75 శాతం చవకని తేలింది. చింపాంజీ నడుమూ మోకాళ్ళూ వంచి నడుస్తుంది కాబట్టి కండరాలు ఎప్పుడూ బిగిసే ఉండాలి. మనం మోకాలు చాచి బరువంతా ఎముకల మీదకి నెట్టేస్తాం. వేగం ఎంచుకోవడంలోనూ అదే బుద్ధి. గంటకి నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల దగ్గర దూరానికి అయ్యే ఖర్చు అన్నిటికన్నా తక్కువ, ఎవరూ నేర్పకుండానే అందరం అక్కడే కుదురుకుంటాం. 1981లో హాయిట్, టేలర్ అనే ఇద్దరు మూడు పొట్టి గుర్రాల్ని పరీక్షించారు. నడిచినా, పరిగెత్తినా, దౌడు తీసినా, అవి తమంతట తాము ఎంచుకునే వేగం ఆ తీరుకి చవకైన వేగమే అయింది. గుర్రానికి లెక్కలు రావు, బేరం వచ్చు.

ఇలాంటి ఒంటిని నున్నటి రోడ్డు మీద నడిపిస్తే కరిగేదేముంది? ఆ అన్యాయం చూడలేకే మీరు వెలిశారు.

మా సందు గవర్నరుపేటలో ఉంది. మలుపు తిరగ్గానే మీరు మొదలవుతారు, నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున, రథం అరుగులాగా. నాలుగు గజాలు నడవగానే ఒక దుకాణం వాళ్ళు మిమ్మల్ని కొట్టేసి బండి ఎక్కించుకోవడానికి వాలు కట్టుకున్నారు. దిగాలి. మళ్ళీ మీరు లేస్తారు. ఎక్కాలి. ఒక కిలోమీటరులో 41 సార్లు ఎక్కినట్టు వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. 78 కిలోల్ని 30 సెంటీమీటర్లు ఎత్తడానికి 230 జౌళ్ళ పని (జౌలంటే శక్తికి ఇంకో కొలత). కండరం తనకి పెట్టిన శక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలదు గనక, ఒంటికి పడే ఖర్చు 900 జౌళ్ళ పైచిలుకు. 41 సార్లకి, జౌళ్ళని కేలరీల్లోకి మారిస్తే, 9 కిలోకేలరీలు. నా నికరం 45లో అయిదో వంతు మీరొక్కరే ఇప్పించారు! దిగేటప్పుడు ఆ ఎత్తు తిరిగి నా ఖాతాలో జమ కాదు, పడకుండా ఆపుకున్నందుకు ఎదురు చిల్లర పడుతుంది.

ఎక్కాక మీ టైల్స్. ఒకటి లేచి, ఒకటి కుంగి, ఒకటి అసలు లేక. 2013లో వొలోషినా, కువో, వాళ్ళ తోటివాళ్ళు ఎగుడుదిగుడు నేల మీద నడకని కొలవాలనుకుని, పాపం, ట్రెడ్‌మిల్ పట్టీ మీద చెక్కముక్కలు అంటించుకున్నారు. తేడా 2.5 సెంటీమీటర్లు మించలేదు. ఖర్చు 28 శాతం పెరిగింది. ఇక్కడికొస్తే వాళ్ళకి జిగురు డబ్బులు మిగిలేవి. పైగా వాళ్ళ చెక్కముక్కలు కదలవు. మీ దగ్గర వానాకాలం స్పెషల్ ఒకటుంది. ఈ మూల తొక్కితే ఆ మూల నుంచి పంట్లాం మీదకి మోకాలి దాకా నీళ్ళు చిమ్మే టైలు. దాని ఖర్చు ఏ శాస్త్రంలోనూ లేదు, చాకలి పద్దులో ఉంది.

తర్వాత స్టాండు వేసిన బళ్ళు. వాటి మధ్య సందు నా వెడల్పు కన్నా రెండంగుళాలు తక్కువ. చేతులు తొడలకి అతికించుకుని, పక్కకి తిరిగి జారాలి. ఇదీ ఊరికే పోదు. నడుస్తుంటే చేతులు ఊగేది అందానికి కాదట. 2009లో కాలిన్స్, ఆడమ్‌చిక్, కువో చేతులు కదపకుండా నడిపించి చూస్తే ఖర్చు 12 శాతం పెరిగింది. కుడికాలితో పాటు కుడిచెయ్యే ముందుకి ఊపమంటే 26 శాతం. ఆ రెండో నడక ఎవరు నడుస్తారనుకున్నాను గాని, ఒకరోజు చేతిలో కొత్తిమీర సంచితో, ఎదురుగా హ్యాండిల్ తిప్పుకుంటూ ఒక బుల్లెట్ బండి వస్తే నేనే నడిచాను. అవునండీ, మీ మీదే వచ్చింది. అతను నన్ను చూసి హారన్ కొట్టాడు. నేను తప్పుకుని సారీ చెప్పాను.

అలా ఆగడం, మళ్ళీ బయల్దేరడం కూడా ఆదాయమే సుమండీ. వేగం మారుస్తూ నడిస్తే ఒకే వేగంతో నడిచినదానికన్నా 6 నుంచి 20 శాతం ఎక్కువవుతుందని 2015లో అమెరికాలో ఇద్దరు కొలిచారు. వాళ్ళ పేర్లు నిధి సీతాపతి, మనోజ్ శ్రీనివాసన్. పేర్లు చూసి ముందు మన సందులోవాళ్ళే అనుకున్నాను.

ఇంకాస్త ముందుకెళ్తే తవ్విన చోటు. కేబులుకో, పైపుకో, ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో తవ్వినవాళ్ళే మరిచిపోయి ఉంటారు, ఇసక మాత్రం మిగిలింది. ఇసకలో నడకకి గట్టి నేల మీద కన్నా 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి కావాలని 1998లో బెల్జియంలో కొలిచారు. బందరు దాకా బస్సెక్కి మంగినపూడి బీచికి పోకుండానే ఆ భాగ్యం నాకు ఇంటి దగ్గరే దొరికింది. ఇసక దాటితే టీ బండి. దాని పట్టా తాడు సరిగ్గా నా గడ్డం ఎత్తున కట్టి ఉంటుంది. అక్కడ నడుమూ మోకాళ్ళూ వంచి, ఆరేడు అడుగుల పాటు నేను తిరిగి చింపాంజీనవుతాను. లక్షల ఏళ్ళ పరిణామాన్ని ఒక్క పట్టాతో వెనక్కి తిప్పడం మామూలు విషయం కాదు.

నా చేతి గడియారానికి మాత్రం ఈ విలువ తెలియదు. రోజుకి 10,000 అడుగులంటుంది. ఆ సంఖ్య 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది, "మాన్‌పో కెయ్" అంటేనే పదివేల అడుగుల మీటరని అర్థం. మూత లేని డ్రైనేజీ మీంచి నేను దూకిన దూకుని కూడా అది ఒక్క అడుగనే రాసుకుంటుంది. కళ్ళు లేని గుమస్తా.

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మీ మీద రెంటికీ ఒకేసారి వ్యాయామం.

మీ గొప్ప తెలియనివాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. మా సందులోకి నెత్తిన తట్టతో ఆకుకూరలు తెచ్చే ఆమె ఎప్పుడూ రోడ్డు అంచునే నడుస్తుంది, ఆటోలు చెవి పక్కనే పోతున్నా సరే. ఒకరోజు ఆపి అడిగాను, "పక్కన ఫుట్‌పాత్ ఉందిగా అమ్మా, దాని మీద నడవచ్చుగా?" అని. తోటకూర కట్ట నా చేతిలో పెడుతూ, "దాని మీద నడిస్తే తట్ట ఎవరు మోస్తారు బాబుగారూ" అంది. నవ్వి ఊరుకున్నాను గాని, ఆ మాటకి శాస్త్రం ఉంది. కెన్యాలో లువో, కికుయు స్త్రీలు తమ బరువులో అయిదో వంతు దాకా నెత్తిన పెట్టుకుని నడిచినా, ఖాళీగా నడిచినదానికన్నా ఒక్క పైసా ఎక్కువ శక్తి పట్టలేదని 1986లో తేలింది. ఆ గుట్టు 1995లో బయటపడింది. బరువు ఎత్తుకున్నాక వాళ్ళ లోలకం ఇంకా బాగా ఊగుతుంది, జేబు మార్పిడి ఇంకా శుభ్రంగా జరుగుతుంది. అడుగు అడుగుకీ ఎక్కించి దించితే లోలకం ఎక్కడ, ఊగడం ఎక్కడ? మా తట్ట ఆమెకి ఎవరూ ముసుగు తొడిగి కొలవలేదు. ఆమె మిమ్మల్ని కొలిచింది.

మా ఆవిడకీ మీ మీద సదభిప్రాయం లేదు. బాల్కనీలోంచి చూసి, "ఏవండీ, ఈ మధ్య అటూ ఇటూ ఒరుగుతూ అచ్చం పెంగ్విన్‌లా నడుస్తున్నారు" అంది. చిన్నబుచ్చుకోలేదు. పెంగ్విన్ ఒరగడం దండగ కాదని గ్రిఫిన్, క్రామ్ 2000లోనే తేల్చారు. ఆ ఊపులో అది 80 శాతం దాకా శక్తి తిరిగి రాబట్టుకుంటుంది, మనిషిని మించి. దానికి నడక ఖరీదవడానికి కారణం కాళ్ళు పొట్టివి కావడం. ఇదంతా చెప్పాను. ఆమె నా కాళ్ళ వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కరి విషయంలో మాత్రం మీరు కాస్త అతి చేశారేమో. మా పక్కింటి మాస్టారికి 76 ఏళ్ళు. రోజూ సాయంత్రం లైబ్రరీకి నడిచి వెళ్ళేవారు. వయసు మళ్ళితే అదే కిలోమీటరుకి కుర్రాళ్ళ కన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అంటే మీరు నాకు దయచేసే లాభాలన్నీ ఆయనకి వడ్డీతో సహా అందుతున్నట్టే. పోయిన నెల ఆయన మలుపు దగ్గర చేతికర్ర మీ అంచు మీద ఆనించి, ఎత్తు చూసి, రోడ్డు మీద బస్సుని చూసి, మళ్ళీ ఎత్తు చూసి, వెనక్కి తిరగడం నేను కళ్ళారా చూశాను. అప్పటి నుంచి పుస్తకాలు నేనే తెచ్చి ఇస్తున్నాను. ఆయన ఏమీ అనరు. నవల అట్ట తుడిచి, "రోడ్డు ఎలా ఉందోయ్?" అని అడుగుతారు.

ఇంకో చేదు కబురు కూడా ఉంది, మీరు నొచ్చుకుంటారేమోనని చివరిదాకా దాచాను. ఆ చింపాంజీల పాంట్జరే 2012లో టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా ప్రజల రోజువారీ ఖర్చుని కొలిచాడు. వాళ్ళు మనలాంటి కుర్చీ మనుషుల కన్నా ఎంతో ఎక్కువ నడుస్తారు. ఒంటి బరువు లెక్కలోకి తీసుకుంటే రోజు మొత్తానికి అయ్యే శక్తి మాత్రం అమెరికా, యూరపు వాళ్ళకి అయినంతే. నడకకి పోయినదాన్ని ఒళ్ళు లోపల ఇంకెక్కడో కోత పెట్టి సరిచేసుకుంటోందని ఆయన వాదన. మీరు 41 సార్లు ఎక్కించి, ఇసకలో దించి, నా చేతులు కట్టించి, ఇంత కష్టపడి ఖర్చు పెట్టిస్తే, ఈ పిసినారి ఒళ్ళు రాత్రి నేను నిద్రపోతుండగా అదంతా వెనక్కి లాక్కుంటోందేమో. నడిస్తే గుండెకీ చక్కెరకీ మంచిదేనని డాక్టరుగారు ఇప్పటికీ అంటున్నారు, అది వేరే పద్దు. నేను మీతో మాట్లాడుతున్నది తూకం గురించి. నిన్నటి తూకం 78.4.

ఇట్లు,
తమ నిత్య సేవాభోక్త,
ఒక పాదచారి.

తాజా కలం: ఈ ఉత్తరం పోస్టు చేద్దామనుకుంటుండగా ఒక పుకారు లేచింది. మీ మీద ఎవరో సున్నంతో గీత గీసి, బాణం గుర్తు వేసి వెళ్ళారని, ఇక మిమ్మల్ని ఒకే ఎత్తున, ఒకే చదునున వేస్తారని. రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లారకుండానే వెళ్ళి చూశాను. బాణం చూపించిన చోట కొత్తగా ఒక గొయ్యి తవ్వారు, అంతే. మట్టి నడుమెత్తు పోసి ఉంది. ఒకసారి ఎక్కి దిగాను. మనసు కుదుటపడి, సాయంత్రం పునుగులు రెండు ప్లేట్లు చెప్పాను.