ఆనవాయితీ పేరిట

2024 డిసెంబరు 24, మంగళవారం రాత్రి రాష్ట్రపతి భవన్ నుంచి వెలువడిన గవర్నర్ల జాబితాలో తెలుగు పాఠకుల చూపు సహజంగానే బీజేపీ నాయకుడు కంభంపాటి హరిబాబు పేరు మీద నిలిచి ఉంటుంది. ఆయన మిజోరం నుంచి ఒడిశాకు మారారు. ఆయన ఖాళీ చేసిన ఐజ్వాల్ రాజ్‌భవన్‌లోకి ఎవరు వెళ్లారన్నది అంతకంటే గట్టిగా పట్టించుకోవలసిన సంగతి. సైన్యాధిపతి కుర్చీలో ఉండగానే ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టుకు లాగి, ఆ కుర్చీ దిగిన రెండేళ్లలోపే భారతీయ జనతా పార్టీలో చేరి, పదేళ్లపాటు కేంద్రంలో సహాయమంత్రిగా ఉండి, 2024 సార్వత్రిక ఎన్నికల్లో పోటీకి దూరమైన జనరల్ వీకే సింగ్‌ను కేంద్రం అక్కడికి పంపింది. సైన్యాధిపతులు గవర్నర్లు కావడం కొత్తా అని అడిగేవారు ఎలాగూ ఉంటారు. కొత్త కాదు కనకనే మేము కలవరపడుతున్నాం.

సైనికుడిగా ఆయన సేవను తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. 1970లో రాజ్‌పుత్ రెజిమెంట్‌లో చేరిన ఆయన శ్రీలంకలో శాంతిసేనతో పనిచేసి యుద్ధసేవా పతకం అందుకున్నారు. తూర్పు కమాండ్ అధిపతిగా ఉత్తర బెంగాల్‌లోని సుఖ్‌నా సైనిక స్థావరం పక్క భూముల కుంభకోణంలో సాటి సీనియర్ అధికారుల మీదే చర్యకు పట్టుబట్టారు. తర్వాత వచ్చిందే వయసు తగవు. సైన్యంలోనే అడ్జుటెంట్ జనరల్ విభాగం రికార్డుల్లో ఆయన పుట్టిన సంవత్సరం 1951గా, మిలటరీ సెక్రటరీ విభాగం రికార్డుల్లో 1950గా ఉండిపోయింది. ఆ ఒక్క అంకె మీద పదవీకాలమూ, వారసుల వరుసా ఆధారపడి ఉన్నందున ఆయన 2012 జనవరిలో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. పదవిలో ఉన్న సైన్యాధిపతి ప్రభుత్వం మీద వ్యాజ్యం వేయడం స్వతంత్ర భారతంలో అదే మొదలు. ఫిబ్రవరి 10న కోర్టు ధోరణి అర్థమయ్యాక పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, మే 31న దిగిపోయారు. దిగిపోయే ముందు లెఫ్టినెంట్ జనరల్ దల్బీర్ సింగ్ సుహాగ్ పదోన్నతికి అడ్డుపడే చర్య తీసుకున్నారు. 2014లో సుహాగ్ సైన్యాధిపతి కాబోతున్న వేళ, ఆ చర్య చట్టవిరుద్ధమని రక్షణశాఖే సుప్రీంకోర్టుకు చెప్పింది. అదే ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న వీకే సింగ్ ట్విటర్‌లో విరుచుకుపడ్డారు. చివరికి అప్పటి రక్షణమంత్రి అరుణ్ జైట్లీ సభలో సర్దిచెప్పుకోవలసి వచ్చింది. (ఆ సుహాగ్ కూడా విరమణ తర్వాత సెషెల్స్‌కు హైకమిషనర్‌గా వెళ్లారు. ఢిల్లీ ఎవరినీ నిరాశపరచదు.)

వీకే సింగ్ యూనిఫాం విప్పి అప్పటికి పన్నెండేళ్లు దాటిందని, ఘజియాబాద్ ఓటర్లు 2014లోనూ 2019లోనూ ఆయనను అయిదేసి లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిపించారని, 2015లో జిబౌటీలో మకాం వేసి యెమెన్ నుంచి నాలుగు వేలకు పైగా భారతీయులను తరలించిన సమర్థుడని, సరిహద్దు రాష్ట్రానికి అలాంటి మనిషే కావాలని వాదించేవారున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ పన్నెండేళ్ల లెక్క తప్పుదారి పట్టించేది. చూడవలసింది సైన్యానికీ రాజ్‌భవన్‌కూ మధ్య గడిచిన కాలాన్ని కాదు, సైన్యానికీ పార్టీ వేదికకూ మధ్య గడిచిన కాలాన్ని. 2013 సెప్టెంబరులో రేవాడీలో మాజీ సైనికుల సభలో నరేంద్ర మోదీ పక్కన ఆయన కూర్చునేనాటికి పదవి దిగి పదహారు నెలలు కూడా నిండలేదు. పదహారు నెలల కిందట దేశ సైన్యం మొత్తానికి ఆజ్ఞ ఇచ్చిన వ్యక్తి ఒక పార్టీ ప్రధాని అభ్యర్థి పక్కన కనిపిస్తే, అంతకు ముందు ఆయన సంతకం చేసిన ప్రతి కాగితాన్నీ జనం మళ్లీ తిరగేసి చూస్తారు. ఆ అనుమానం అన్యాయమే కావచ్చు. దానికి తావిచ్చింది మాత్రం ఆయనా, ఆయనను పిలిచిన పార్టీయే.

ఇక ఆనవాయితీ సంగతి. జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ 1957లో విరమణ చేసి, హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉండి, 1959లో అస్సాం గవర్నరయ్యారు, ఆ తర్వాత 1962 నుంచి 1964 దాకా మన ఆంధ్రప్రదేశ్‌కూ గవర్నర్‌గా ఉన్నారు. మధ్యలో రెండేళ్ల ఎడం ఉంది. తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావు 1983 జూలైలో దిగిపోతే మరుసటి ఏడాదే ఈశాన్య రాష్ట్రాల రాజ్‌భవన్‌కు వెళ్లారు. తర్వాత జమ్మూకశ్మీర్ గవర్నర్‌గా ఉండగా, 1995 గణతంత్ర దినోత్సవాన జమ్మూ మౌలానా ఆజాద్ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తున్నప్పుడే బాంబులు పేలాయి. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుదాం. కానీ రెండేళ్ల ఎడం ఏడాదికి వచ్చిందన్నది మరిచిపోవద్దు. జనరల్ జె.జె. సింగ్ నాటికి అది నాలుగు నెలలు కూడా లేకుండా పోయింది: 2007 సెప్టెంబరు 30న విరమణ, 2008 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ గవర్నర్. నియమించింది మన్మోహన్ సింగ్ ప్రభుత్వం. ఆయన తర్వాత అకాలీదళ్ టికెట్ మీద పటియాలాలో ఓడి, ఆపై బీజేపీలో చేరారు. ఇప్పుడు ఆఖరి మెట్టు కూడా ఎక్కేశాం. ఈసారి నేరుగా పార్టీ మనిషే రాజ్‌భవన్‌కు వెళ్లారు, సైనిక హోదా పేరు ముందు అలంకారంగా మిగిలింది. ప్రతి ప్రభుత్వమూ ‘వాళ్లు చేయలేదా’ అంటూ అంతకు ముందుదాని కంటే ఒక అడుగు ముందుకేసింది.

చట్టం ఈ విషయంలో ఎంత విచిత్రంగా ఉందో చూడండి. విరమణ చేసిన సైనికాధికారి ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఎన్నికల్లో నిలబడడానికి గాని, గవర్నర్ కావడానికి గాని ఒక్కరోజు కూడా ఆగనక్కర్లేదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి దిగాక ప్రభుత్వాల కింద మరే కొలువూ చేపట్టరాదని రాజ్యాంగం 148వ అధికరణం చెబుతున్నా, ఆ పదవి చేసిన టి.ఎన్. చతుర్వేది బీజేపీ తరఫున రాజ్యసభకు వెళ్లి, 2002లో కర్ణాటక గవర్నరయ్యారు. గవర్నర్‌ది కేంద్రం కింద ఉద్యోగం కాదని సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది కదా. గవర్నర్ స్వతంత్రతను నిలబెట్టే ఆ మాట ఇలాంటి నియామకాలకు తలుపు తెరిచే తాళంచెవిగా మారడం మన దౌర్భాగ్యం. న్యాయమూర్తుల సంగతీ ఇదే తానులో ముక్క. 2023 జనవరి 4న సుప్రీంకోర్టు నుంచి విరమణ చేసిన జస్టిస్ అబ్దుల్ నజీర్‌ను ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ప్రకటించేనాటికి నలభై రోజులైనా కాలేదు.

మిజోరం విషయంలో మరో ఇబ్బంది ఉంది. 1966 మార్చిలో మిజో తిరుగుబాటును అణచడానికి సొంత దేశపు యుద్ధవిమానాలే బాంబులు వేసిన ఊరు ఐజ్వాల్. 1986 ఒప్పందంతో అక్కడ శాంతి వచ్చి నిలిచింది గాని, ఆ జ్ఞాపకం చెరిగిపోలేదు. మయన్మార్ నుంచి వచ్చిన వేలాది చిన్ శరణార్థులకు ఆ రాష్ట్రం ఆశ్రయమిస్తోంది. సరిహద్దుకు కంచె వేయాలన్న కేంద్ర నిర్ణయాన్ని 2024 ఫిబ్రవరిలో అక్కడి శాసనసభ తీర్మానం చేసి మరీ వ్యతిరేకించింది. ముఖ్యమంత్రి లాల్‌దుహోమాది బీజేపీ కాదు. కేంద్రంలోని పాలక పార్టీ నాయకుడిని వేరే పార్టీ ఏలుతున్న రాష్ట్రానికి గవర్నర్‌గా పంపవద్దని కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లోనే చెప్పింది. క్రియాశీల రాజకీయాలు వదిలి కనీసం కొన్నేళ్లయినా గడవాలని తర్వాత అదే అంశం మీద వేసిన పూంఛీ కమిషన్ కోరింది. ఇవేవీ ఎవరికీ గుర్తు లేవు. పార్టీ టికెట్‌కు దూరమైనవారికి రాజ్‌భవన్ అని మాత్రం అందరికీ గుర్తుంది. ఆ కొలమానంతో చూస్తే హరిబాబు నియామకం కూడా భిన్నమైనదేమీ కాదని, తెలుగువారమన్న మొహమాటం పక్కనపెట్టి చెప్పక తప్పదు.

జె.జె. సింగ్‌ను నాలుగు నెలలు తిరక్కుండానే గవర్నర్ చేసిన కాంగ్రెస్ దీని మీద నోరెత్తితే జనం నవ్వుతారు. నోరెత్తే ముందు ఒక బిల్లు పెట్టండి. త్రివిధ దళాల అధిపతులుగా పనిచేసినవారు అయిదేళ్లపాటు ఏ పార్టీలోనూ చేరరాదని, ఏ ప్రభుత్వ నియామకమూ స్వీకరించరాదని చట్టం చేయడానికి బీజేపీ కూటమికి సంఖ్యాబలం ఉంది, అడ్డుకునేవారూ లేరు. సైన్యాన్ని రాజకీయాలకు వాడుకోవద్దని ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒకరికొకరు హితబోధలు చేసుకునే పార్టీలు రెండూ ఆ పని చేయవు, ఎందుకంటే రేపు విరమణ చేయబోయే జనరల్ ఎవరి గడప తొక్కుతారోనని రెండింటికీ ఆశే. అంతటి దేశభక్తులు వచ్చే బడ్జెట్ సమావేశాల దాకా ఎందుకు ఆగాలి? ఆ బిల్లు ముసాయిదాకు రెండు పేరాలు చాలు.