పిడికెడు మట్టి కోసం ఏడ్చే దేశం

1970 మార్చి 24న టోక్యోలో ఒక బాక్సర్‌కి అంత్యక్రియలు జరిగాయి. సుమారు 700 మంది వచ్చారు. బౌద్ధ పూజారి మంత్రాలు చదివాడు. అంతా బాగానే ఉంది కానీ, ఆ చనిపోయిన మనిషి అసలు పుట్టనే లేదు. తోరు రికీషి 'అషితా నో జో' అనే కామిక్ సీరియల్‌లో ఒక పాత్ర. పోనీ హీరోనా అంటే అదీ కాదు, హీరోకి ప్రత్యర్థి. హీరోతో తలపడటం కోసం తిండీ నీళ్లూ మానుకుని బరువు తగ్గాడు, ఆ మ్యాచ్ గెలిచాడు, ఆ వెంటనే ప్రాణం వదిలాడు. అంత్యక్రియలు దగ్గరుండి జరిపించింది షూజి తెరయామా అనే పేరున్న కవి, నాటకకర్త.

మన సినిమాల్లో ప్రత్యర్థికి ఇల్లుంటుందా? గుర్తుతెచ్చుకోండి.

జపాన్ ఫుట్‌బాల్ ఎదుగుదల గురించి మాట్లాడితే చాలు, అందరూ 'కెప్టెన్ సుబాసా' దగ్గర మొదలుపెడతారు. 1981లో కామిక్ వచ్చింది, 1993లో జె-లీగ్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది, 1998లో ప్రపంచకప్‌లో అడుగుపెట్టారు. బొమ్మలు చూసి పిల్లలు బంతి పట్టారు, దేశం ఎదిగింది. ఈ లెక్క నాకు సగమే నచ్చుతుంది. ఆ కథలో సుబాసా ఎలాగూ గెలుస్తాడు. నాకు గుర్తుండిపోయేది అవతలి జట్ల కుర్రాళ్లు. తండ్రి పోయాక ఇంటి భారం మోస్తూ ఆడే హ్యూగా, గుండెజబ్బుతోనే మైదానంలోకి దిగే మిసుగి. వాళ్లూ గెలవాలనిపిస్తుంది. 'స్లామ్ డంక్' ఇంకో అడుగు ముందుకేసింది. పది కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన ఆ బాస్కెట్‌బాల్ కథలో హీరో స్కూలు దేశంలోకెల్లా బలమైన జట్టును ఓడించి, తర్వాతి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడిపోతుంది. ఆ ఓటమిని రచయిత ఒక్క ముక్కలో తేల్చేశాడు. కప్పు లేదు, ఊరేగింపు లేదు.

ఓడినవాడికి ఇచ్చే ఈ గౌరవం కామిక్కుల్లో పుట్టింది కాదు, కొషియెన్‌లో పుట్టిందని నా వాదన. కొషియెన్ ఒక స్టేడియం; వేసవిలో అక్కడ జరిగే హైస్కూల్ బేస్‌బాల్ టోర్నీనీ ఆ పేరుతోనే పిలుస్తారు. టోర్నీ 1915 నుంచీ ఉంది. జిల్లా పోటీల్లో మూడు వేలకు పైగా స్కూళ్లు తలపడితే 49 మాత్రమే అక్కడిదాకా వస్తాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. అంటే 48 జట్ల కథ ఓటమితోనే ముగుస్తుంది. ఓడిన పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని, ఏడుస్తూ, ఆ మైదానం మట్టిని రెండు చేతులతో సంచుల్లోకి ఎత్తుకుంటారు. కెమెరాలు వాళ్లను వదిలిపెట్టవు.

1958లో ఒకినావా దీవి నుంచి తొలిసారిగా షురి హైస్కూల్ జట్టు వచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. పిల్లలు అందరిలాగే మట్టి తీసుకుని ఓడెక్కారు. ఒకినావా అప్పటికి అమెరికా పాలనలో ఉంది. కాబట్టి అది విదేశీ మట్టి, క్వారంటైన్ నిబంధన ఒప్పుకోదు. నాహా రేవులో పారబోయించారు. ఈ సంగతి తెలిసి జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌హోస్టెస్‌లు కొషియెన్ దగ్గర గులకరాళ్లు ఏరి ఆ స్కూలుకు పంపించారు. రాయి మట్టి కాదు కదా, రూల్ అడ్డురాలేదు. ఆ రాళ్లు పొదిగిన స్మారకం ఇప్పటికీ ఆ స్కూల్లో ఉంది. మొదటి రౌండ్‌లో ఓడిన జట్టుకి స్మారకం!

దీన్నంతా పిల్లల్ని పిండటానికి తొడిగిన అందమైన ముసుగు అనేవాళ్లున్నారు. వాళ్ల మాట తీసిపారేయలేం. 2018లో అకితాకి చెందిన ఒక వ్యవసాయ పాఠశాల పిచర్ ఆ ఒక్క టోర్నీలో 881 బంతులు విసిరాడు. ఆ తర్వాతే వారానికి 500 బంతులన్న పరిమితి వచ్చింది. 2012లో ఒసాకాలో కోచ్ దెబ్బలు తట్టుకోలేక ఒక బాస్కెట్‌బాల్ కెప్టెన్ ప్రాణం తీసుకున్నాడు. అయితే ఆ కోచ్‌లకు పట్టింది గెలుపు పిచ్చి. ఓడినవాణ్ని గౌరవించడం నిజంగా ఒంటబట్టి ఉంటే కొట్టేవాళ్లు కాదు.

మన సంగతికొద్దాం. తెలుగు స్పోర్ట్స్ పేజీలో నాకు ఒళ్లు మండించే మాట ఒకటుంది: 'సరిపెట్టుకుంది'. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచిన అమ్మాయి 'రజతంతో సరిపెట్టుకుంది' అట! పెళ్లి భోజనంలో లడ్డూ అయిపోయి బూందీతో సరిపెట్టుకున్నట్టు. 2017 గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్‌కి చెందిన నొజోమి ఒకుహారా 110 నిమిషాలు ఆడారు. రెండో గేమ్ చివర్లో ఒక్క పాయింట్ కోసం 73 షాట్ల ర్యాలీ నడిచింది. అది సింధుదే. మూడో గేమ్ 22-20తో ఒకుహారాది. రెండేళ్ల తర్వాత బాసెల్‌లో అదే ఒకుహారాను సింధు 21-7, 21-7తో ఓడించింది. మనవాళ్లు ఫ్రేమ్ కట్టించుకున్నది ఆ ఫొటోనే.

నాకైతే గ్లాస్గో కావాలి. ఆ 110 నిమిషాల మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటి టికెట్ నాదే. కాకపోతే క్లైమాక్స్‌లో సింధును గెలిపించేస్తారేమోనని ఇప్పట్నుంచే టెన్షన్.