దారిలోనే ఉన్న ఇల్లు

వేసవి సెలవుల్లో కారు వేసుకుని బయలుదేరిన ప్రతి కుటుంబానికీ ఒక బంధువు ఉంటాడు, ఆ బంధువుకు ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇల్లు ఎప్పుడూ 'దారిలోనే' ఉంటుంది. పెద్ద రోడ్డు వదిలి 40 కిలోమీటర్లు పక్కకు పోయి, మళ్ళీ అదే 40 కిలోమీటర్లు వెనక్కి రావలసిన ఇంటిని దారిలోని ఇల్లు అనడానికి భూగోళం తెలియనక్కర లేదు, చుట్టరికం ఉంటే చాలు. త్రిభుజంలో ఏ రెండు భుజాలు కలిపినా మూడోదానికంటే ఎక్కువేనని యూక్లిడ్ సుమారు 2300 ఏళ్ళ కిందటే నిరూపించి పెట్టాడు గానీ, పాపం, ఆయనకు మా బాబాయిలాంటి బాబాయి లేడు కాబోలు. రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని కనిపెట్టే పద్ధతిని 1956లో డైక్‌స్ట్రా అనే శాస్త్రవేత్త 20 నిమిషాల్లో ఆలోచించాడట. మా బాబాయి గారి గుమ్మం దాటడానికి నాకు అంతకు ఆరు రెట్లు పట్టింది.

వీడ్కోలును ఒక శాస్త్రంగా అభ్యసించదలచినవారు ఆ ఇంటికి వెళ్ళవలసిందే. కుర్చీలోంచి లేచి "ఇక బయలుదేరతాం బాబాయ్" అనగానే, అంతవరకు వాతావరణం గురించి మాట్లాడుతున్న ఆయనకు 30 ఏళ్ళ నాటి ఆస్తి తగాదా గుర్తుకొచ్చింది. గుమ్మం దగ్గర పిన్ని మా పిల్లలను గోడకు నిలబెట్టి, ఎవరు ఎంత ఎదిగారో మరోసారి తేల్చింది. గేటు దగ్గర, మేము ఎవరమో తెలియని, తెలుసుకోవాలన్న కోరిక కూడా లేని పక్కింటాయనను పిలిపించి మమ్మల్ని చూపించారు. అందరం కారెక్కి, తలుపులు మూసి, ఇంజను స్టార్టు చేశాక బాబాయి కిటికీ అద్దం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించి, "అసలు విషయం చెప్పనే లేదురా" అన్నాడు. ఇంజను ఆపాను. అసలు విషయం ఏమిటో అప్పుడూ చెప్పలేదు. లోపలికి వచ్చి కూర్చుంటే చెబుతానన్నాడు. కూర్చున్నాం. ఆస్తి తగాదాయే.

సాయంత్రం 5కి కదలవలసిన కారు రాత్రి 10కి కదిలింది. అప్పుడు ఆయన ఇచ్చిన ఓదార్పు ఇది: "రాత్రయితే ఎండ ఉండదు, రోడ్డు ఖాళీ, హాయిగా పోవచ్చు."

హాయిగానా? తెల్లవారుజామున 5కి లేచినవాడు రాత్రి 10కి 17 గంటలు మేలుకొని ఉన్నట్టు. అంతసేపు నిద్ర లేనివాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగజారుతుందని పరిశోధకులు 1997లోనే చూపించారు. తాగినవాడి చేతికి తాళం ఇవ్వడానికి వణికే పెద్దమనుషులే నిద్ర లేనివాడిని నవ్వుతూ చెయ్యి ఊపి పంపిస్తారు! గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే 100 మీటర్లు ఎవరూ నడపని కారు పోతుంది, వెనక సీట్లో పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతుండగా. అద్దం దించినా, పాటలు పెంచినా నిద్రకు బదులు కావు. ఇదంతా తెలిసి కూడా మొహమాటానికి తల ఊపిన నన్ను ముందు తిట్టాలి. ఆ మొహమాటం మీద స్వారీ చేసే ఆప్యాయతను మాత్రం నేను ఆప్యాయత అనను. ఎదుటివాడి ప్రయాణం ఏమైపోయినా తన ముచ్చట తీరాలనుకోవడానికి వేరే పేరుంది, అది మర్యాదగల వ్యాసంలో రాయకూడదు.

అన్నట్టు, నడుపుతుండగానే "ఎక్కడిదాకా వచ్చారు?" అంటూ ఆయన మూడుసార్లు ఫోను చేశాడు. తీయలేదు. అదో తప్పు.

కళ్ళు మూతలు పడుతుంటే పెద్ద రోడ్డు ఎక్కీ ఎక్కగానే కనిపించిన లాడ్జి ముందు కారు ఆపి, గది తీసుకుని పడుకున్నాం. ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, నాలుగు మంచాలున్న తన ఇల్లు కాదని మేము లాడ్జిలో దిగి పరువు తీశామని బాబాయి ఇప్పటికీ చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతున్నాడు. ఆయన చెబుతున్న కథలో మాత్రం, ఆ లాడ్జికీ ఆయన ఇంటికీ మధ్య 40 కిలోమీటర్లు ఉన్నాయి.