సవరణ: లిజన్-ఓన్లీ పెట్టి ఆర్‌పీఎం అడిగితే రాదు
కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్‌ని అడాప్టర్ పెట్టి చదవడం గురించిన మొన్నటి సెటప్ పోస్టులో లిజన్-ఓన్లీ ఆన్ చేసి ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చదవమని ఉంది కదా, ఆ రెండూ ఒకేసారి కుదరవండి. గాజువాక ఆటోనగర్ కుర్రాళ్లు అలాగే పెట్టి ఏమీ రావట్లేదన్నారు. లిజన్-ఓన్లీలో అడాప్టర్ వినడమే గానీ ఏదీ పంపదు, మరి 7డీఎఫ్ (అందరికీ ప్రశ్న పంపే ఐడీ) మీద 02 01 0సీ (ఆర్‌పీఎం ఎంత అనే ప్రశ్న) అని అడగకపోతే ఇంజన్ ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, తన జవాబు ఐడీ 7ఈ8లో జవాబెందుకిస్తుంది? అడిగేటప్పుడు లిజన్-ఓన్లీ ఆఫ్ చేయండి, కానీ అంతకుముందే బిట్‌రేట్ సరిచూసుకోండి (నెట్‌వర్క్ వేగం, చాలా కార్లకి సెకనుకి 500000 బిట్లు), తప్పు రేటుతో పంపితే బండి నెట్‌వర్క్‌లోనే ఎర్రర్లు పడతాయి, అందుకే బండి కదలకుండా నిలిపి ఉన్నప్పుడే చేయండి ప్లీజ్.

04 41 0సీ 0సీ 80 అని వస్తే చివరి రెండు బైట్లు (0సీ 80, ఇవి హెక్స్‌లో అంటే పదహారు ఆధారంగా రాసిన అంకెలు) కలిపితే మామూలు లెక్కలో 3200, నాలుగుతో భాగిస్తే 800 ఆర్‌పీఎం. క్యాన్‌డంప్‌లో (నెట్‌వర్క్‌లో వచ్చేవన్నీ చూపించే ప్రోగ్రాం) కనిపించే మిగతా ఫ్రేములకి, అంటే సందేశాలకి, ఈ లెక్క పెట్టకండి, వాటికి ఆ మోడల్ డీబీసీ ఫైల్ (ఏ ఫ్రేములో ఏ బైటుకి ఏం అర్థమో చెప్పేది) కావాలి.