ఆ చుక్కను ఒక్క గడి జరపండి

మహారాజశ్రీ అంతర్జాతీయ బహువిషయ పరిశోధన మాసపత్రిక వారి దివ్యసముఖానికి,

నల్లగొండ నుంచి ఒక డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేం క్షేమం. తమ క్షేమం గురించి నాకు బెంగ లేదు. సంచికకు నూట ఎనభై వ్యాసాలు, వ్యాసానికి 1,800 రూపాయలు, నెలకు రెండు సంచికలు. మాసపత్రిక నెలకు రెండుసార్లు ఎలా వెలువడుతుందని అడగబోను. అమావాస్య, పౌర్ణమి రెండూ నెలలోనే వస్తాయి కదా.

పోయిన ఏడాది ఒక గురువారం రాత్రి పదకొండు గంటలకు నా వ్యాసం తమకు పంపాను. శుక్రవారం పొద్దున మా ఆవిడ మూత తీసి ఇడ్లీ పిండి పొంగిందో లేదో చూస్తూ ఉండగానే నా ఫోను మోగింది. ఇద్దరు అంతర్జాతీయ నిపుణులు నా వ్యాసాన్ని కూలంకషంగా పరిశీలించి ఆమోదించారట. పిండి ఇంకా పొంగలేదు.

నిపుణుల అభిప్రాయాలు కూడా జతచేశారు, అందుకు కృతజ్ఞుణ్ణి. మొదటివారు "బాగుంది, ఆంగ్లం మెరుగుపరచాలి" అన్నారు. రెండోవారు కాస్త లోతుకు వెళ్లి, రోగుల సమ్మతి పత్రాలు జతచేయలేదని తప్పు పట్టారు. అయ్యా, నా వ్యాసంలో రోగులు లేరు, బోరుబావులు ఉన్నాయి. బోరుబావి చేత సంతకం పెట్టించడం ఎలాగో తెలియక ఆ సూచనను అలాగే వదిలేశాను. తమ పత్రికలోని నాలుగు వ్యాసాలను ఉటంకించాలన్న సూచనను మాత్రం శిరసావహించాను. అందువల్ల మర్రిగూడ వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎంత ఉందో తెలుసుకోవాలనుకున్నవారు ఇకమీదట మొబైల్ బ్యాంకింగ్‌లో వినియోగదారుల సంతృప్తి గురించి కూడా తెలుసుకుంటారు.

తమ కార్యాలయం లండన్‌లో ఉందని అట్ట మీద చదివాను. డబ్బు పంపాల్సిన ఖాతా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. నాకు సంతోషమే కలిగింది. మా నల్లగొండ బస్సు అటు మీదుగానే వెళుతుంది.

వ్యాసం అచ్చయిన వారానికే నన్ను సంపాదకవర్గంలో చేరమని ఆహ్వానించారు. ఇంత గౌరవానికి నేను తగనని మొదట అనుకున్నాను. తరవాత పోలండ్ సంగతి చదివి ధైర్యం తెచ్చుకున్నాను. అక్కడి పరిశోధకులు కొందరు లేని మనిషిని ఒకామెను పుట్టించి, సంపాదకురాలిగా పెట్టుకోమని 360 జర్నళ్లకు దరఖాస్తు పంపారు. 48 జర్నళ్లు ఆమెను సంపాదకురాలిగా ఒప్పుకున్నాయి. ఆ సంగతి 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆమె పేరు అన్నా ఓ. షుస్ట్. ఓషుస్ట్ అంటే పోలిష్ భాషలో మోసగత్తె అని అర్థం. మన దగ్గర కుమారి వంచన గారు అన్నట్టు. ఆవిడతో పోలిస్తే నేను కనీసం రేషన్ కార్డు ఉన్న మనిషిని.

తమరిని ఒక్కరినే నిందించడం న్యాయం కాదు. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అదే యూజీసీ, అధ్యాపకుల పదోన్నతికి పరిశోధన పత్రాలకు మార్కులు కట్టింది. మార్కులు కట్టిన చోట దుకాణం తెరవకుండా కూర్చునేంత అమాయకులా తమరు? ఆ తరవాత ఆ మార్కులకు పనికొచ్చే జర్నళ్ల జాబితాలు వేసింది. 2018 మేలో ఆ జాబితా నుంచి ఒక్కసారిగా 4,305 జర్నళ్లను తీసేసింది. 2019లో కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఇవన్నీ చూస్తూ తమరు పోస్టాఫీసు ముందు వేపచెట్టులా నిలబడే ఉన్నారు.

నా పదోన్నతి ఇంటర్వ్యూ నాడు ఏం జరిగిందో కూడా చెప్పాలి. కమిటీ పెద్దాయన నా ఫైలును తెరవలేదు, రెండు చేతులతో ఎత్తి బరువు చూశారు. "ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉందా?" అని ఒక్కటే ప్రశ్న. ఉందన్నాను. అయిపోయింది. అది ఒక పత్రికను మరొకదానితో పొరబడకుండా గుర్తుపట్టడానికి ఇచ్చే ఎనిమిదంకెల గుర్తు మాత్రమేనని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. బండికి నంబరు ప్లేటు ఉంది కాబట్టి బ్రేకులు పనిచేస్తాయని ఏ మెకానిక్కూ అనడు. మేం డాక్టరేట్లు ఉన్నవాళ్లం కాబట్టి అనగలం.

ఇక రచయితల పేర్లు. నా వ్యాసానికి ఆరుగురు రచయితలం. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రిని చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. అన్నీ ఊడలే, తల్లి మొదలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా విభాగాధిపతి ఒక ఊడ. ఆయన వియ్యంకుడు, వేరే జిల్లాలో వాణిజ్యశాస్త్రం చెప్పేవారు, ఇంకొక ఊడ. 2018లో ఆ మర్రికి చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ సీసాల లాంటివి కట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. మా రచయితల జాబితాకు ఇంకా ఎవరూ సీసా కట్టలేదు.

పనికి మేధాపరంగా గట్టిగా తోడ్పడాలి, రాతలోనో సవరణలోనో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, రేపు తప్పు తేలితే జవాబు చెప్పాలి. ఈ నాలుగూ ఉన్నవాడే రచయిత అని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ చెబుతుంది. ఆ లెక్కన మా ఆరుగురిలో ఒకరు మిగులుతారు. ఆ ఒకరు కూడా నాలుగో షరతు దగ్గర తడబడుతున్నాడని తమరే చూస్తారు.

మా ల్యాబ్ అటెండరు పేరు ఆ ఆరింటిలో లేదు. నమూనాలు మోసినంత మాత్రాన రచయిత కాడు, ఒప్పుకుంటాను. అలాంటివారికి కృతజ్ఞతలు చెప్పే చోటు ఒకటి వ్యాసం చివర ఉంటుంది. తమ మూసలో ఆ చోటు లేదు. ఆ చోట తమ తరవాతి సంచిక ప్రకటన ఉంది.

ముప్పై రెండు ప్లాస్టిక్ సీసాలు. ఫ్లోరైడు గాజును తింటుంది కాబట్టి గాజు సీసాలు పనికిరావు. నా స్కూటరు వెనక కూర్చుని, రెండు సంచులు రెండు తొడల మీద పెట్టుకుని, ప్రతి బోరు దగ్గరా ముందు కాసేపు నీళ్లు వదిలి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి, నింపి, చీటీ అంటించింది ఆయనే. ఆయనది ఆ ప్రాంతమే. నవ్వేటప్పుడు అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. పళ్ల మీద గోధుమరంగు చారలు, ఆయన చిన్నప్పటి బావి నీళ్ల సంతకాలు.

మొన్న జూన్‌లో, కాలేజీ తెరిచిన వారం, తమ సంచిక ల్యాబ్ బల్ల మీద ఉంది. వ్యాసానికి తమరిచ్చిన సర్టిఫికెట్ అయితే గడియారం సెంటర్‌లో లామినేషన్ చేయించాను, అది బీరువాలో భద్రం. ఆయన బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగి, పట్టికలో పద్నాలుగో వరుస మీద వేలు పెట్టాడు.

"సార్, ఇది మా ఊరి బోరే కదా?"

"అవును."

"0.47 అని ఉంది. ఆ రోజు మీటరులో 4.7 చూసినట్టు గుర్తు. నీళ్లు బాగుపడ్డాయా సార్?"

ఆయన గొంతులో అనుమానం లేదు, ఆశ ఉంది. నల్లా రాని రోజున మనవరాలికి ఆ బోరు నీళ్లే పోస్తున్నామని కూడా చెప్పాడు.

నా నోటుపుస్తకం తీశాను. 4.7. తమకు పంపిన ప్రతి తీశాను. 4.7. తమ వారెవరో పట్టికను రెండు నిలువు వరుసల్లో ఇరికించేటప్పుడు ఒక సున్నా పుట్టి, చుక్క ఎడమకు దొర్లింది. ప్రూఫు పంపే ఆచారం తమకు లేదు, అచ్చయ్యాక చదువుకునే ఆచారం నాకు లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదని మన దేశ ప్రమాణం. నా కొలతలో ఆ బోరు దానికి మూడు రెట్లు. తమ అచ్చులో మూడో వంతు కూడా లేదు.

ఇద్దరు అంతర్జాతీయ నిపుణులు, ఒక ప్రధాన సంపాదకుడు, ఆరుగురు రచయితలు, ఒక పదోన్నతి కమిటీ. ఈ వ్యాసాన్ని చదివిన మొదటి మనిషి చేతిలో తుడుపు గుడ్డ ఉంది.

నల్లగొండ పేరు ఇంతకుముందు కూడా శాస్త్రంలోకి ఎక్కింది, తమ దయ లేకుండానే. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేర్చి, వడకట్టి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఫ్లోరైడు గురించి చదివేవారికి మా ఊరి పేరు అలా తెలుసు. అందులో పటిక ఎంత వేయాలన్నది నీటి క్షారగుణాన్ని బట్టి, ఫ్లోరైడు ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. తమ పట్టికను నమ్మినవాడు ఆ బోరుకు పటికే వేయడు.

వెంటనే తమకు రాశాను. తమ జవాబూ వెంటనే వచ్చింది, ఆ విషయంలో తమను మించినవారు లేరు. సవరణ రుసుము 2,500 రూపాయలు, జీఎస్టీ అదనం. లేదా సవరణనే కొత్త వ్యాసంగా పంపితే 1,800 చాలు, ఇంకొక సర్టిఫికెట్ కూడా ఇస్తారట. తప్పు దిద్దడం కంటే కొత్త వ్యాసం చవక. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. మార్కులు లెక్కవేసుకున్నాను కూడా.

తప్పు తేలితే పత్రిక ఏం చేయాలో 1997 నుంచి కోప్ అనే సంపాదకుల సంఘం చెబుతూనే ఉంది. సవరణ ప్రచురించాలి, అవసరమైతే వ్యాసాన్ని ఉపసంహరించాలి, ఆ ప్రకటన అందరికీ ఉచితంగా కనబడాలి. ఆ సంఘం ముద్ర తమ అట్ట మీద తమ ముద్ర కంటే పెద్దగా ఉంది. పెద్ద ఇళ్లలోనూ కుళ్లు లేదని నేననను. 2023లో హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్లు 8,000కు పైగా వ్యాసాలను ఉపసంహరించుకున్నాయి. అంత పెద్ద సిగ్గును అచ్చువేసుకున్నవారు ఉన్నారు. తమకు ఒక చుక్క బరువైంది.

ఎవరితో మొరపెట్టుకోను? 2019లో అమెరికా న్యాయస్థానం ఒక హైదరాబాద్ ప్రచురణ సంస్థను ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. సమీక్ష సరిగా చేయకుండానే చేశామన్నందుకు, రుసుము సంగతి ముందుగా చెప్పనందుకు. తమరు నాకు రుసుము సంగతి ముందే చెప్పారు, నేను యూపీఐలో పంపాను, రసీదు కూడా ఉంది. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని.

కాబట్టి ఎనిమిదో ఉత్తరంగా ఇది రాస్తున్నాను. పద్నాలుగో వరుస, నాలుగో నిలువు వరుస. చుక్కను ఒక్క గడి కుడివైపు జరపండి, ముందున్న సున్నా తీసేయండి.

ల్యాబ్‌లోని ప్రతిలో నేనే ఎర్ర పెన్నుతో దిద్దాను. దిద్దుతూ ఉంటే ఆయన పక్కన నిలబడి చూశాడు, ఏమీ అనలేదు. తమ వెబ్‌సైటులో మాత్రం ఆ బోరువి ఇప్పటికీ మంచినీళ్లే.

ఇట్లు,
తమ సంపాదకవర్గ సభ్యుడు