రెండో ఇంజిన్‌కు రక్ష

గాల్లో ఉన్న విమానంలో ఒక ఇంజిన్ ఆగిపోయిందన్న వార్త వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అందులో మనవాళ్లు ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. 2020 నుంచి 2025 మధ్య వరకు మన దేశంలో ఇలాంటి ఘటనలు 65 నమోదయ్యాయి. అన్నిసార్లూ పైలట్లు రెండో ఇంజిన్‌తో విమానాన్ని క్షేమంగా దించారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గరున్న ఈ లెక్క సమాచార హక్కు చట్టం కింద అడిగితేగాని జనానికి చేరలేదు. అరవై అయిదు సార్లూ అదృష్టమే కాపాడిందని అనుకుంటే ఆ విమానాలను నడిపినవారికీ, రాత్రుళ్లు హ్యాంగర్లలో వాటికి మరమ్మతులు చేసినవారికీ అన్యాయం చేసినట్లే. ఆ భద్రత దేని మీద నిలబడిందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ కాపాడుకోవాలో తెలుస్తుంది.

అన్నిటికన్నా క్లిష్టమైన ఘడియ టేకాఫ్. విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ చూసుకుని పైలట్లు ముందే ఒక వేగాన్ని లెక్కగడతారు. దాని పేరు వీ1. ఆ లోపు ఇంజిన్ చెడితే బ్రేకులు వేసి ఆగిపోవచ్చు. దాటాక ఆగడానికి చోటు చాలదు, ఎగరాల్సిందే. అందుకే 'వీ1' అన్న మాట వినపడగానే కెప్టెన్ ఇంజిన్ల బలాన్ని పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్ల మీది నుంచి చెయ్యి తీసేస్తారు. నిండు బరువుతో ఉన్నా ఒక్క ఇంజిన్‌తో లేవగలనని, చక్రాలు ముడిచాక ప్రతి వంద మీటర్ల దూరానికీ కనీసం 2.4 మీటర్ల ఎత్తు ఎక్కగలనని నిరూపించుకోని రెండు ఇంజిన్ల విమానానికి అసలు అనుమతే రాదు. ఒకవైపే నెట్టే బలం మిగలడంతో విమానం ముక్కు ఆగిన ఇంజిన్ వైపు తిరగబోతుంది. పైలట్ రెండో వైపు రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్‌ను తొక్కిపట్టి తిన్నగా ఉంచుతారు. 400 అడుగుల ఎత్తు దాటేదాకా చక్రాలు ముడవడం తప్ప మరో పని పెట్టుకోరు. ఆ తర్వాత ఒకరు లీవర్ మీద చెయ్యి వేసి 'ఇదేనా' అని అడగాలి. పక్కనున్నవారు చూసి 'అదే' అనాలి. అప్పుడే ఇంజిన్‌ను ఆపాలి.

ఆ ఒక్క ప్రశ్నకు ఎంత విలువుందో 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర తెలిసింది. బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ వారి బోయింగ్ 737లో ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు విరిగితే పైలట్లు బాగున్న కుడి ఇంజిన్‌ను ఆపేశారు. 47 మంది మరణించారు. 2015 ఫిబ్రవరిలో తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ విమానం కూడా అదే పొరపాటుకు 43 మందిని బలిగొంది. సిమ్యులేటర్ శిక్షణకు పెట్టే ప్రతి గంట ఖర్చునూ ఈ రెండు ప్రమాదాల పక్కన పెట్టి చూడాలి.

బాగా ఎత్తులో ఉండగా ఇంజిన్ పోతే పైలట్లకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఒక్క ఇంజిన్ బలంతో 35 వేల అడుగుల ఎత్తున నిలవడం కష్టం కనుక విమానం మెల్లగా కిందికి దిగి, గాలి దట్టంగా ఉన్నచోట ప్రయాణం సాగిస్తుంది. కరెంటుకు రెండో ఇంజిన్ జనరేటర్ ఉంటుంది, తోకలో ఏపీయూ అనే చిన్న టర్బైన్ ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే మన తల్లిదండ్రుల్లో చాలామంది ఇప్పుడు సముద్రాలు దాటుతున్నది 777, 787, ఏ350 వంటి రెండు ఇంజిన్ల విమానాల్లోనే. ఒక ఇంజిన్ ఆగితే 60 నిమిషాల్లో చేరగల విమానాశ్రయం దారిలో ఉండి తీరాలని 1953లో అమెరికా నిబంధన పెట్టింది. జెట్ ఇంజిన్ల మీద నమ్మకం కుదిరాక 1985లో ఆ గడువు 120 నిమిషాలైంది, తర్వాత 180కి పెరిగింది. ఈ అనుమతినే ఈటాప్స్ అంటారు.

ఇదంతా ఒక్క నమ్మకం మీద ఆధారపడి ఉంది: ఒకే కారణం రెండు ఇంజిన్లనూ తాకదని. అది వమ్మయిన రోజులున్నాయి. 1983 మే 5న అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నసావుకు బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ విమానానికి మూడు ఇంజిన్లు. ఒకదాంట్లో ఆయిల్ పీడనం పడిపోతే ఆపేసి వెనక్కి మళ్లారు. దారిలో మిగతా రెండూ ఆగిపోయాయి. ఆయిల్‌లో లోహపు రజను పట్టిచ్చే పరికరాలను మరమ్మతు సిబ్బంది మార్చినప్పుడు, మూడు ఇంజిన్లకూ ఆయిల్ కారకుండా ఆపే చిన్న రబ్బరు ఓ-రింగులు వేయకుండానే బిగించేశారు. విమానం సముద్రంలోకి దిగిపోతున్న దశలో ముందు ఆపిన ఇంజిన్ మళ్లీ అందుకోవడంతో 172 మంది బతికిపోయారు. ఈటాప్స్ విమానాలకు ఒకే మనిషి ఒకే విడతలో రెండు ఇంజిన్ల మీదా ఒకే పని చేయకూడదన్న నియమం ఇలాంటి ముప్పును అడ్డుకునేందుకే. మనుషులు చాలక, గడువు తరుముతున్న రాత్రి హ్యాంగర్‌లో మొదట బలయ్యేది ఆ నియమమే.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో అడవి బాతుల గుంపు ఒకేసారి ఒక విమానం రెండు ఇంజిన్లలోనూ పడింది. చెక్‌లిస్టులో ఆ దశ రాకముందే ఏపీయూను ఆన్ చేసిన కెప్టెన్ సలెన్‌బర్గర్ సమయస్ఫూర్తి, విమానాన్ని దించడానికి దొరికిన హడ్సన్ నది కలిసి అందులోని 155 మందినీ దక్కించాయి. ప్రతి విమానాశ్రయం పక్కనా హడ్సన్ ఉండదు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 787 నేల విడిచిన క్షణాల్లోనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో కటాఫ్ (ఇంధనం ఆపే) స్థానంలోకి వెళ్లాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. వాటిని మళ్లీ రన్ (ఇంధనం అందే) స్థానంలోకి తెచ్చినా, ఇంజిన్లు పుంజుకునేంత ఎత్తు మిగల్లేదు. 260 మంది ప్రాణాలు పోయాయి. ఎందుకిలా జరిగిందో తేల్చాల్సింది దర్యాప్తు. మాట చెప్పుకోవడానికి లేని పైలట్లను టీవీ చర్చల్లో బోనెక్కించిన తీరు మమ్మల్ని తీవ్రంగా కలచివేసింది.

గట్టిగా నిలబడాల్సినచోట డీజీసీఏ నిలబడగలదు. ఏ320నియో విమానాల్లోని ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు మొరాయిస్తున్నప్పుడు 2018 మార్చిలో 11 విమానాలను నేల మీదే ఉంచింది. 2019లో ఒక్కో విమానానికి కనీసం ఒక్కటైనా మార్పులు చేసిన ఇంజిన్ ఉండాలని పట్టుబట్టింది. ఒకే జబ్బు రెండు రెక్కల కిందా ఉండకూడదన్న ఈ పట్టుదల సరైనది. కానీ ఆ సంస్థలో దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే ఆందోళన చెందింది. తనిఖీకి మనిషే లేనప్పుడు ఎంత మంచి నియమమైనా కాగితానికే పరిమితం. విమానాశ్రయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో చెత్త పారబోయరాదని, పశువులను వధించరాదని చెప్పే 1937 నాటి విమాన నిబంధనల్లోని 91వ నిబంధన సంగతీ అంతే. పక్షులు వచ్చేది తిండి ఉన్నచోటికే. చెత్తకుప్ప ఎత్తాల్సింది మున్సిపాలిటీ, దాని ఫలితం అనుభవించేది విమానం. ఈ రెంటి మధ్య బాధ్యత ఎవరి నెత్తినా పడటం లేదు.

కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం బిడ్డ. ఆయన్ను మేము కోరేవి రెండు. గాల్లో ఇంజిన్ ఆగిన ప్రతి ఘటనా ఏ రకం ఇంజిన్‌లో, ఏ సంస్థ విమానంలో, ఏ కారణంతో జరిగిందో మూడు నెలలకోసారి డీజీసీఏ వెబ్‌సైట్‌లో పెట్టించండి. తనిఖీ అధికారుల ఖాళీల భర్తీకి తేదీ ప్రకటించండి.